అందరి చీరల పెట్టె

ఈ ఏడు వానలు వెనకపట్టిన తరువాత వచ్చిన మొదటి మంచి ఎండరోజున, ఈ దీవిలో గరాచర్మలోని మా ఇంట్లో ఇనపబీరువా తెరిచాను. ఈ పని ఏ రోజున చేశానో ఏటా దినచర్యలో రాసుకోవడం నాకు అలవాటు. ఏ చీర ఎప్పుడు కొన్నాను, ఎంతకు కొన్నాను, దాన్ని చివరిసారి ఏ శుభకార్యానికి కట్టాను అనేవి కూడా రాసుకుంటాను. ఆఫీసులో లెక్కలు చూసీ చూసీ తెచ్చుకున్న జబ్బని మా అమ్మాయి వెక్కిరిస్తుంది. ఆ రోజు అడుగుఅరలో ఉన్న ఒక పట్టుచీరను పైకి తీసేసరికి అంచు పక్కన గుండుసూది తలంత చిల్లు కనిపించింది. దాని పక్కనే మరొకటి. చీర విప్పి కిటికీకి అడ్డంగా పట్టుకుంటే వెలుతురు చుక్కలు చుక్కలుగా వచ్చి నా ముంజేతిమీద పడింది.

"మందు కొట్టేవాళ్ళకి ఫోన్ చేస్తే అయిపోతుంది కదా మమ్మీ! అంత టెన్షన్ దేనికి? వాళ్ళొచ్చి స్ప్రే చేసి పోతారు, బస్" అంది మా అమ్మాయి.

నిజమే, అయిపోతుంది. కానీ అరలో మూలకు పెట్టిన వసకొమ్ము పొట్లాం తీసి వాసన చూశాను. దాని ఘాటు పోయిందో లేదో తెలుసుకోవడానికే చూశాను. ఘాటు పోలేదు. అది నన్ను తిన్నగా, ఇదే ఊళ్ళో డిగ్నాబాద్‌లోని మా అమ్మమ్మ ఇంటి నడవలోకి తీసుకుపోయింది.

ఆ రోజుల దినచర్య నా దగ్గర లేదు. అప్పటికి నాకింకా రాసుకునే అలవాటు పట్టుబడలేదు. అందుచేత దీనిలో తేదీలుండవు. తేదీ లేని సంగతిని కాగితంమీద పెట్టడం నాకు సహజంగా నచ్చదు. అయినా మిగిలినవన్నీ రాసిపెట్టుకుని ఈ ఒక్కదాన్ని వదిలేయడం న్యాయంగా తోచలేదు.

*

మా అమ్మమ్మ ఇంటికి చెక్కగోడలు, రేకుల కప్పు. వాన దంచి కొడుతుంటే ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. కావలసినది చేత్తో చూపించుకునేవాళ్ళం. నాన్న ఉద్యోగరీత్యా వేరే దీవిలో ఉండేవారు. అమ్మ బడిలో టీచరు. కనుక నేనూ అమ్మా అమ్మమ్మతోనే ఉండేవాళ్ళం. నడవలో, వానజల్లు అందనంత లోపలికి, ఒక పెద్ద పడాక్ చెక్క పెట్టె ఉండేది. కలపమిల్లులో పనిచేసిన తాతయ్య దాన్ని తన చేతులతో చేశాడని చెప్పేవారు. ఆ ఎర్రచెక్క ఎంత బరువంటే, ఇల్లు అలికినా తుడిచినా దాన్ని కదిపే ప్రసక్తే లేదు. చీమలు ఎక్కకుండా దాని నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ డబ్బాలు పెట్టి, ఆ నీళ్ళమీద కిరసనాయిలు చుక్క వేసేవారు. ఆ నీళ్ళలో నా మొహం ఇంద్రధనుస్సు రంగుల్లో వంకరటింకరగా కనపడేది.

పెట్టె మాది, అందులో చీరలు మాత్రం మావి కావు. అంటే, ఒక్కటి మాది. మిగిలినవి ఒక్కొక్కటీ ఒక్కొక్క ఇంటివి.

దీవికి వచ్చి స్థిరపడ్డ మా కోస్తావాళ్ళలో ఆడవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కొక్క పట్టుచీరే ఉండే కాలంలో ఆ ఏర్పాటు మొదలయిందట. ఏ తమ్ముడి పెళ్ళికో మేనకోడలి పెళ్ళికో ఓడెక్కి విశాఖపట్నం పోతే, అక్కడి చుట్టాలు ముందు చూసేది చీరనే. "పోయినసారి కట్టుకొచ్చినదే కదమ్మా ఇది! మీ దీవిలో సీరలమ్మరేటి?" అని ఒకావిడ నలుగురిలో అడిగితే మా అమ్మమ్మ ఓడలో తిరిగి వచ్చినంతసేపూ ఎవరితోనూ మాట్లాడలేదట. ఓడ దిగాక తన పసుపుపచ్చ చీర తెచ్చి పెట్టెలో పెట్టి, ఇరుగుపొరుగును పిలిచి, "మీవీ తెండి. ఇకమీదట ఎవులి సీర ఆలు కట్టుకెళ్ళొద్దు. ఆలకి మన సీరలన్నీ కొత్తవే" అందట.

అదే నియమమయింది. ఎవరికైనా శుభకార్యం తగిలితే పెట్టెలోంచి తనది కాని చీర ఏదైనా తీసుకుపోవచ్చు. తన చీర తాను మాత్రం తీసుకోకూడదు. అలా ఏళ్ళ తరబడి మా ఆడవాళ్ళు ఒకరి చీర ఒకరు కట్టుకుని సముద్రం దాటారు. పిల్లలం వాళ్ళను పేర్లతో కాక, వాళ్ళు పెట్టెకిచ్చిన చీరల రంగులతో పిలిచేవాళ్ళం: చిలకపచ్చ అత్తయ్య, వంకాయరంగు అత్తయ్య, ఉల్లిపొర పిన్ని. వాళ్ళకూ ఆ పిలుపులు ముద్దుగానే ఉండేవి.

చీర తిరిగి తెచ్చేటప్పుడు ఇంకొక ఆచారం. ఉత్త చీర పెట్టెలోకి రాకూడదు. కట్టుకుపోయిన మనిషి ఆ పెళ్ళి పందిట్లోని అక్షింతలు కాసిని కొంగున ముడేసుకుని తేవాలి. ఓడ టిక్కెట్టు దొరకకో, సెలవు దొరకకో, పసిపిల్లలను వదల్లేకో పెళ్ళికి వెళ్ళలేనివాళ్ళే ఎప్పుడూ ఎక్కువ. వాళ్ళంతా మా నడవలో చేరేవారు. అమ్మమ్మ ఆ ముడి విప్పి అందరి నెత్తినా చిటికెడు చిటికెడు వేసేది. "పెళ్ళికూతురు తలెత్తి సూసిందా? పప్పులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగేవారు. పెళ్ళి వాళ్ళ కళ్ళముందే జరిగినట్టుండేది. మిగిలిన గింజలను అమ్మమ్మ ఆ చీర మడతలోనే ఉంచి పెట్టెలో పెట్టేది. "ఈ సీర ఈసారి కట్టుకునేదానికి ఆ దీవెనుంటాది" అనేది.

*

దీవిలో వానాకాలమంటే ఏడాదిలో పెద్దభాగం. గోడకు ఆనించిన చెప్పులకు సైతం బూజు పట్టే గాలి అది. అందుచేత వానలు వెళ్ళగానే ఒకరోజు పెట్టె తెరిచేవారు. ఆ రోజు ఇంట్లో చేప వండకూడదు. పట్టు వాసన పట్టేస్తుంది. చేప లేని అన్నం అన్నమే కాదనుకునే మేము ఆ ఒక్కరోజుకు గారెలతోనూ కొబ్బరిపచ్చడితోనూ రాజీపడేవాళ్ళం. ఉల్లిపొర పిన్ని అరిటాకులో చుట్టి చక్కెర కలిపిన కొబ్బరికోరు తెచ్చేది.

చీరలను నీడలో, గాలి ఆడేచోట, తిరగవేసి తాళ్ళమీద ఆరవేసేవారు. పెట్టెను మాత్రం, నలుగురు మగవాళ్ళను బతిమాలి మోయించి, మూత తెరిచి ఎర్రటి ఎండలో పెట్టేవారు. అమ్మమ్మ మెత్తని కుంచెతో ప్రతి చీర అంచునూ దువ్వేది. ముడతల్లోంచి వెండిరంగు పురుగు ఒకటి చేపపిల్లలా జారిపోతే మేము కేకలు పెట్టేవాళ్ళం. వసకొమ్ములు దంచి పాతగుడ్డలో మూటలు కట్టడం, వేపాకు నీడన ఎండబెట్టడం, లవంగాలు ఏరడం పిల్లల వంతు. కలరా ఉండలు అమ్మ గోల్ ఘర్ బజారు నుంచి తెచ్చేది. జరీకి తగిలితే నలుపెక్కుతుందని అమ్మమ్మ వాటిని నేరుగా చీరమీద పెట్టనిచ్చేది కాదు. గుడ్డలో చుట్టి మూలల్లో దోపేది. మేము వాటిని దొంగిలించి వీధిలో గోళీలాడేవాళ్ళం. అన్నాల దగ్గర చేతులు వాసన చూసి పట్టుకునేవారు.

"ఒలే గుంటా, ఇయ్యి తింటే సస్తారే!"

"తినలేదు అమ్మమ్మా, ఆడుకున్నాను."

"ఆడుకుంటే సీరలు సస్తాయి. రెండూ ఒకటే నాకు."

*

నేను చెప్పదలచుకున్న ఏడాది, వంకాయరంగు అత్తయ్య తన తమ్ముడి పెళ్ళికి భీమిలి దగ్గరి ఊరికి వెళ్ళింది. ఆమెది జంగ్లీఘాట్, భర్త పడవమీద వేటకు పోయేవాడు, ఇంటివెనక ఎండుచేపలు ఆరబెట్టి అమ్మేవారు. నల్లగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి. పెట్టెలో తన చీర ఎవరైనా కట్టుకున్నారని తెలిస్తే ఓడ కదిలే వేళకు జెట్టీ దగ్గరికి వచ్చి దూరంగా నిలబడి చూసి పోయేది. ఆ పెళ్ళికి ఆమె తీసుకుపోయింది చిలకపచ్చ చీర.

తిరిగి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. వాన కురుస్తోంది. ఓడ దిగిన మనిషి ఇంటికి పోకుండా, సామాను మరిదితో పంపేసి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన చీరను గుండెకు హత్తుకుని మా గుమ్మంలో నిలబడింది.

"ముందు మీ సీర మీకిచ్చీసి ఎల్తాను పెద్దమ్మా. మా ఇంటికి తీస్కెల్తే ఎండుసేపల కంపు పట్టీద్ది" అంది.

అమ్మమ్మ ఆమెకు తువ్వాలు ఇచ్చి, టీ ఇచ్చి, చీర విప్పించింది. కొంగుముడిలో అక్షింతలు ఓడగాలికి చెమ్మగిల్లి ముద్దగా ఉన్నాయి. మర్నాడు అందరూ చేరారు. చిలకపచ్చ అత్తయ్య అందరికన్నా ముందు తలవంచి, "నా సీర కట్టుకెళ్ళావు కదా, నాకు రెండు చిటికెలు ఎక్కువెయ్యమను" అని నవ్వించింది. ఆవిడ భర్త ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఆవిడ నోరు పెద్దది, చెయ్యీ పెద్దదే. ఎవరింట్లో జ్వరమన్నా మొదట గంజి మోసుకొచ్చేది ఆవిడే. ఇది కూడా రాయాలి, ఎందుచేతనంటే తరువాత జరిగినదాన్నిబట్టి ఆవిడ చెడ్డదని ఎవరైనా అనుకుంటే అది తప్పవుతుంది.

ఆ చిలకపచ్చ చీరను అమ్మమ్మ స్వయంగా నడవలో ఆరవేసి, కుంచెతో దువ్వి, వాన తెరిపిచ్చిన రోజు చూసి, మిగిలిన అక్షింతలతో సహా పెట్టెలో పెట్టింది. అదంతా నేను చూశాను. పక్కన కూర్చుని వసమూటలు అందించింది నేనే.

*

ఆ ఏడు వానలు ఎప్పటికీ వెళ్ళలేదు. వెళ్ళాయనుకుని తాళ్ళు కడితే మళ్ళీ కురిసేవి. చివరికి పెట్టె తెరిచిన రోజున, మూత ఎత్తగానే రావలసిన వస ఘాటుకు బదులు పాతబియ్యం డబ్బాలోంచి వచ్చేలాంటి పిండివాసన వచ్చింది. అమ్మమ్మ ముక్కు చిట్లించింది.

చిలకపచ్చ చీర విప్పింది చిలకపచ్చ అత్తయ్యే. రెండు మడతలు విప్పి ఆగిపోయింది. పట్టుచీర మడతల్లో ఉండగా పురుగు ఒకచోట తొలిస్తే చిల్లు అన్ని పొరల్లోకీ దిగుతుంది. విప్పాక అది ఒక చిల్లు కాదు. కాగితం మడిచి కత్తిరించి తోరణం చేసినట్టు, చీర పొడవునా వరస. చిల్లుల పక్కన గోధుమరంగులో, నూగుతో, బియ్యపుగింజంత పురుగులు మెల్లగా కదులుతున్నాయి.

"ఓలమ్మో! సూడండర్రా, నా సీర జల్లెడైపోనాదే!"

అందరూ మూగారు. ఉల్లిపొర పిన్ని ఒక పురుగును ఆకుమీద తీసి చూసింది. "ఈ నూగుపురుగు ఎండుసేపల్లో ఉండేదే కాదేటి దీదీ?" అంది. ఆవిడ నోట అది అనుమానంగా మాత్రమే వచ్చింది. కానీ అన్నాక అందరి కళ్ళూ వంకాయరంగు అత్తయ్యవైపు తిరిగాయి. తాళ్ళు కడుతున్న ఆమె చెయ్యి ఆగింది.

"నాను ఓడ దిగీసి తిన్నగా ఇక్కడికే తెచ్చినాను. మా ఇంటి గడప తొక్కనియ్యలేదు దాన్ని" అంది.

"అచ్ఛా! మరి ఈ కీడా ఆకాశం నుంచి ఊడిపడినాదా?" అంది చిలకపచ్చ అత్తయ్య. కోపం కన్నా ఏడుపే ఎక్కువుంది ఆ గొంతులో. ఆవిడ పెళ్ళిచీర అది. "నువ్వు వద్దంటే నీ ఒంటికి అంటుకున్న కంపు ఆగుద్దేటి? సేపల ఇంట్లో మనిషివి, పట్టు కట్టీసరికి..."

"ఛోడో దీదీ, వదిలెయ్యి" అంది అమ్మ. "పిల్లలున్నారు."

"పిల్లలుంటే? ఉన్నమాటేగా!"

వంకాయరంగు అత్తయ్య మా అమ్మమ్మను చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేదు. ఆమె అడిగింది చిన్న సంగతే. 'ఈమె తెచ్చిన చీర శుభ్రంగా ఉంది, దాన్ని ఆరవేసి దువ్వి పెట్టింది నేనే' అని ఒక్కమాట. ఆ మాట చెప్పగలిగిన పెద్దమనిషి అక్కడ మా అమ్మమ్మ ఒక్కతే. చెబితే, ఆ పురుగు పుట్టింది తన పెట్టెలో, తన చేతికింద అని ఒప్పుకోవాలి. ఏళ్ళ తరబడి అందరి చీరలనూ కాచిన మనిషి. కుంచె పట్టుకున్న ఆమె చెయ్యి చీర అంచుమీద కదులుతూనే ఉంది. ఎంతో కావలసిన పనిలా దువ్వుతూనే ఉంది.

కొంతసేపు చూసి, వంకాయరంగు అత్తయ్య తాడుమీద ఉన్న తన చీరను తీసుకుంది. దానికి ఒక్క చిల్లు కూడా లేదు. నాలుగు మడతలు పెట్టి చంకన పెట్టుకుని మెట్లు దిగింది. ఎవరూ ఆపలేదు. గారెలు చల్లారిపోయాయి. ఆ రోజు మేము కలరా ఉండలు దొంగిలించలేదు.

*

తరువాత జరగవలసిన చికిత్స అంతా జరిగింది. పెట్టెను బోర్లించి దులిపి, బీటల్లో కిరసనాయిలు పట్టించి, వాసన పోయేదాకా ఎండలో కాల్చారు. చీరలను ఒక్కొక్కటే తెల్లటి పంచెమీద పరిచి దువ్వి, రాలిన పొట్టునూ పురుగునూ నిప్పుల్లో వేశారు. చిలకపచ్చ చీరను వేరుగా పెట్టారు. పెట్టెలోకి కొత్త వస, కొత్త వేపాకు, కొత్త ఉండలు చేరాయి.

మళ్ళీ సర్దేటప్పుడు అమ్మ అంది: "అమ్మా, అక్షింతలు తీసేద్దామా ఈసారికి? బియ్యమే కదా అవీ."

"పసుపు కలిపిన బియ్యానికి పురుగు పడతాదని ఏ బళ్ళో సెప్తారే?" అంది అమ్మమ్మ. "పసుపంటేనే పురుగుకి సావు. పైగా అక్షింతలు తీసేస్తే మిగిలేది బట్టలమూట. బట్టలమూటకి నన్ను కాపలా పెట్టకు."

అమ్మమ్మ గింజలను మళ్ళీ మడతల్లోనే పెట్టింది. ఆమె మాటలో తర్కముంది కూడా. మా ఇంట్లో పప్పుధాన్యాలకు పసుపు రాసి డబ్బాల్లో పోసేవారు. వాటికి పురుగు పట్టేది కాదు. అవి ఎండిన గింజలనీ, ఇవి నేతి చెయ్యి తగిలి, ఓడగాలికి చెమ్మగిల్లినవనీ ఎవరికీ తట్టలేదు.

ఎండలు ముదిరాక, ఎవరో పెళ్ళికి చీర అడిగితే పెట్టె తెరిచాం. మూత పట్టుకుని నిలబడింది నేను. అమ్మమ్మ పైనున్న తన పసుపుపచ్చ చీరను తీసింది. మధ్యమడత విప్పింది. అక్షింతలున్న చోట పసుపురంగు పిండి మిగిలింది. ఆ పిండిలో నూగుపురుగులు మెదులుతున్నాయి. పిండి చుట్టూ, దాని మేరకే, దానికి బెత్తెడు ఇవతల గానీ అవతల గానీ లేకుండా, చిల్లులు.

అమ్మమ్మ ఆ చీరను అలాగే ఒళ్ళో పెట్టుకుని, రెండోది తీయమంది. అక్షింతల మడత దగ్గర చిల్లులు. మూడోది. అందులో అక్షింతలు లేవు. కట్టుకుపోయిన మనిషి పెళ్ళి వాయిదాపడి తిరిగొచ్చిందట. ఆ చీర అద్దంలా ఉంది. వంకాయరంగు చీరను కూడా ఆ ఏడు ఎవరూ కట్టుకుపోలేదని నాకు అప్పుడే గుర్తుకొచ్చింది. అమ్మమ్మకు నాకన్నా ముందే గుర్తొచ్చి ఉండాలి.

"దీవెనలనుకుని పురుగుకి మేత పోసినానే" అంది. నాతో కాదు.

అన్ని మడతల్లోని గింజలనూ ఇత్తడిపళ్ళెంలోకి ఎత్తి, ఎవరి కాలికిందా పడకుండా కొబ్బరిమొక్క మొదట్లో పోసి నీళ్ళు చల్లింది. తరువాత ఉతికిన చీర కట్టుకుని, "పద" అంది.

*

జంగ్లీఘాట్‌కు నడిచే వెళ్ళాం. వంకాయరంగు అత్తయ్య ఇంటివెనక వలలమీద చేపలు తిరగేస్తోంది. మమ్మల్ని చూసి చేతులు కడుక్కుని వచ్చి, చాప వేసి, గ్లాసుల్లో టీ పోసింది. నాకు బిస్కెట్టు ఇచ్చింది.

అమ్మమ్మ టీ ముట్టలేదు. "నీ తప్పేటీ లేదమ్మా. పురుగు నా పెట్టెలోదే. నాను పెట్టిన అక్షింతల్లోంచే పుట్టినాది. ఆ రోజే నాకు తెలుసు, నువ్వు తెచ్చినప్పుడు సీర బాగుందని. తెలిసీ ఊరుకున్నాను."

అత్తయ్య తలవంచుకుని గ్లాసు అంచును వేలితో తుడిచింది. "టీ సల్లారిపోతంది పెద్దమ్మా."

"నీ సీర మళ్ళీ ఇయ్యి. నాను నలుగురిలో సెప్పి పెట్టెలో పెడతాను."

"మీరింత దూరం వొచ్చినారు. సాలు" అంది అత్తయ్య. మెల్లగానే అంది. "సీర మాత్రం నా కాడే ఉండనీండి. మళ్ళీ ఎప్పుడో ఎవులికో ఏటో అవుద్ది. అప్పుడు కూడా నా యేపే సూస్తారు."

అమ్మమ్మ మళ్ళీ అడగలేదు. టీ తాగింది. లేచేటప్పుడు అత్తయ్య వద్దన్నా వినకుండా గ్లాసులు తానే కడిగిపెట్టింది.

మర్నాడు అందరినీ నడవలోకి పిలిచి అమ్మమ్మ అదే మాట చెప్పింది. వంకాయరంగు అత్తయ్యకు జరిగింది అన్యాయమని, పురుగు అక్షింతల్లో పుట్టిందని, తాను ఊరుకోవడం తప్పని. ఇకమీదట అక్షింతలను వేరే ఇత్తడిడబ్బాలో ఉంచుదామని, అందరి నెత్తినా వేసుకోవడం మాత్రం మానవద్దని.

నిజం చెబితే పెట్టె నిలబడుతుందని ఆమె నమ్మింది. నేనూ నమ్మాను. కానీ ఎవరూ తప్పెవరిదన్న దగ్గర ఆగలేదు. ఉల్లిపొర పిన్ని నెమ్మదిగా అడిగింది: "పెద్దమ్మా, అక్షింతలకి పురుగు పట్టడం మంచిది కాదు కదా? ఆ గింజలు మన నెత్తినేసుకున్నాం. ఆ సీరలు కట్టుకుని పెళ్ళిళ్ళకెల్లినాం."

ఎవరూ నవ్వలేదు. చిలకపచ్చ అత్తయ్య తల్లి జబ్బు, ఇంకొకరి కూతురికి నిలవని కడుపు, మరొకరి తమ్ముడు విడిచిపెట్టిన భార్య: అప్పటిదాకా వేటికవిగా ఉన్న కష్టాలన్నీ ఒక్కసారిగా ఆ పసుపుపిండిలోంచి పుట్టినట్టు కనిపించి ఉండాలి వాళ్ళకు.

"అశుభం కాదే, చెమ్మ" అంది అమ్మ. "ఉత్త చెమ్మ."

"హాఁ దీదీ, చెమ్మే" అన్నారు అందరూ.

ఆ వారంలో చిలకపచ్చ అత్తయ్య వచ్చి చిల్లుల చీర తీసుకుపోయింది. దిండ్లకు గలేబులు కుట్టించుకుంటానంది. వంకాయరంగు అత్తయ్య ఇంటికి గంజో పులుసో పట్టుకుని వెళ్ళిందని విన్నాను. వెళ్ళి ఏమి మాట్లాడిందో తెలియదు. ఉల్లిపొర పిన్ని, "మా ఆయన బీరువా కొన్నారు పెద్దమ్మా, అద్దం ఉన్నాది" అని సిగ్గుపడుతూ తన చీర పట్టుకుపోయింది. ఒక్కొక్కరే. ఎవరూ తగాదా పడలేదు. తగాదా పడితే అమ్మమ్మ సర్దిచెప్పేది; అది ఆమెకు వచ్చిన విద్య. ఇలా నవ్వుతూ, కుశలమడుగుతూ తీసుకుపోతుంటే ఏమి చేయాలో ఆమెకు తోచలేదు. ప్రతి చీరనూ కుంచెతో దువ్వి, వసమూట ఒకటి జతచేసి ఇచ్చింది. తరువాత పెళ్ళికి వెళ్ళిన ఆవిడ గోల్ ఘర్‌లో కొత్తచీర కొనుక్కుని వెళ్ళింది. తిరిగి వచ్చి ఎవరినీ పిలవలేదు.

పురుగు మళ్ళీ రాలేదు. పెట్టెలో ఉన్న ఒకే ఒక్క చీరకు రావలసిన అవసరమూ దానికి లేకపోయింది. అమ్మమ్మ ఆ తరువాత చాలా ఏళ్ళు బతికింది. వానలు వెళ్ళిన మొదటి ఎండకు అలవాటు చొప్పున తాళ్ళు కట్టించేది. తన చీరను ఆరవేసేది. ఆ రోజు కూడా ఇంట్లో చేప వండనిచ్చేది కాదు.

*

నాకు బీరువా నిండా చీరలున్నాయి. నా దినచర్య ప్రకారం వాటిలో చాలావాటిని ఒక్కసారికి మించి కట్టలేదు. వాటిలో ఏ ఒక్కటీ ఇంకొక మనిషి ఒంటిమీద ఎలా ఉంటుందో నాకు తెలియదు.

చిల్లులు పడ్డ చీరను బీరువాలోంచి తీసిన మర్నాడు, ఏ ఆలోచనా లేకుండానే జంగ్లీఘాట్ బస్సెక్కాను. వంకాయరంగు అత్తయ్య ఉంది. కొడుకు కట్టిన సిమెంటు ఇంటి వరండాలో, కుర్చీలో. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. పట్టాక, "పెద్దమ్మ మనవరాలివా! ముక్కు అదే" అంది. టీ తెమ్మని కోడలికి చెప్పింది. మోకాళ్ళ సంగతీ, కొత్త పడవ సంగతీ మాట్లాడుకున్నాం. చివరికి అడిగాను.

"అత్తయ్యా, ఆ వంకాయరంగు చీర ఉందా మీ దగ్గర? ఉంటే ఒక్కసారి నాకిస్తారా? వచ్చే నెల విశాఖలో పెళ్ళి ఉంది. కట్టుకుని తెచ్చిస్తాను."

అత్తయ్య ముఖంమీద ఎన్నడూ చూడని సంతోషం ఒకటి కనిపించింది. కోడలిని పిలిచి, లోపలి పెట్టె అడుగున తెల్లగుడ్డలో చుట్టినదాన్ని తెమ్మంది. గుడ్డ విప్పుతుంటే వస వాసన వచ్చింది. రంగు ఆనాటిదే. నేను జాగ్రత్తగా చూశాను: ఒక్క చిల్లు లేదు.

"మీరెప్పుడూ కట్టుకోలేదా?"

"నా సీర నాను కట్టుకోడమేటమ్మా? మీ అమ్మమ్మ ఒప్పుకునేదా? ఆళ్ళూ ఈళ్ళూ కట్టుకుంటే జెట్టీ కాడ నిలబడి సూసేదాన్ని. అందరికన్నా మీ అమ్మకి బాగుండేది. తెచ్చేసుకున్నాక ఇంక ఎవులు కట్టుకుంటారు? పురుగు పట్టకుండా మాత్రం సూసుకున్నాను" అంది. "ఇయ్యాల అడిగినావు. తీసుకో."

నేను చీరను అందుకుని లేచి నిలబడి, భుజంమీద వేసుకుని చూద్దామని మొదటి మడత విప్పాను. విప్పినచోట పట్టు ఏ చప్పుడూ లేకుండా, మడత వెంట నిలువునా విడిపోయింది. ఇంకో మడత. అక్కడా అంతే. ఇన్నేళ్ళూ ఎవరూ విప్పక, కట్టక, ఒకే మడతలో ఉండిపోయిన పట్టు ఆ గీతల వెంటే చచ్చిపోయింది.

అత్తయ్య కుర్చీలోంచి ముందుకు వంగి, ఒక ముక్కను చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టుకుని చూసింది.

"పురుగు ముట్టలేదు" అంది. "సూసినావా, ఎక్కడా ముట్టలేదు."